430 స్టీలు మీద వేసిన స్పైనెల్ కోటింగ్ పొడిలా రాలిపోతోంది, సాయం కావాలి (సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్ ప్రాజెక్టు)

పాలమూరు_ల్యాబ్ | మే 27

అందరికీ నమస్తే. నేను ఎంటెక్ రెండో సంవత్సరం, మహబూబ్‌నగర్. సాలిడ్ ఆక్సైడ్ ఫ్యూయల్ సెల్‌లో (హైడ్రోజన్, గాలి తీసుకుని బాగా వేడి దగ్గర కరెంటు ఇచ్చే సెరామిక్ సెల్లు) సెల్లుకీ సెల్లుకీ మధ్య ఇంటర్‌కనెక్ట్ అనే స్టీలు పలక ఉంటుంది కదా, దానికి రక్షణ పూత వేయడం నా ప్రాజెక్టు. రెండు నెలలుగా ఒకే చోట ఆగిపోయాను. అందుకే వివరంగా రాస్తున్నా.

ఒక మిల్లీమీటరు మందం 430 స్టీలు షీటు సికింద్రాబాద్ రాణీగంజ్‌లో కొన్నాను. రెండు సెంటీమీటర్ల చదరపు ముక్కలు కోయించి, 600 నంబరు ఎమరీ కాగితంతో రుద్ది, ఎసిటోన్‌తో కడిగాను. మాంగనీస్, కోబాల్ట్ నైట్రేట్లను సిట్రిక్ యాసిడ్‌తో కలిపి మండించి స్పైనెల్ (ఆ రెండు లోహాలూ కలిసిన ఆక్సైడు) పొడి తయారు చేసుకున్నాను. ఆ పొడిని ఇథనాల్, బైండర్‌తో కలిపి ఎయిర్‌బ్రష్‌తో రెండు వైపులా కొట్టి, మఫిల్ ఫర్నేస్‌లో గాలిలోనే 800 డిగ్రీల దగ్గర 2 గంటలు కాల్చాను. తర్వాత అదే 800 దగ్గర 200 గంటల పరీక్ష.

బయటికి తీసినప్పుడు చూడ్డానికి బాగానే ఉంది, నల్లగా, సమంగా. గోటితో గీస్తే మాత్రం బలపం పొడిలా వేలికి అంటుకుంది. సెల్లోటేప్ అంటించి లాగితే సగం పూత టేపుతోనే వచ్చేసింది. కింద బూడిద రంగులో కాస్త ఆకుపచ్చ ఛాయతో ఇంకో పొర కనిపించింది. పూత వేయని ముక్క బరువు చదరపు సెంటీమీటరుకి 0.38 మిల్లీగ్రాములు పెరిగింది. పూత వేసిన ముక్కది 0.31. ఇంత కష్టపడి వేసిన పూత దాదాపు ఏమీ ఆపలేదన్నమాట.

ఇంకో బాధ ఉంది. పలక మీద ఆనించి పెట్టిన కాథోడ్ (సెల్లులో గాలి వైపుండే పొర) బిళ్ళని, ఎల్‌ఎస్‌సీఎఫ్ అనే స్ట్రాన్షియం ఉన్న ఆక్సైడుతో చేసినదాన్ని, లెన్సులో చూస్తే అంచుల వెంట పసుపు చుక్కలు. గైడ్ సార్ పూత మందం పెంచమన్నారు. పెంచితే ఆరేటప్పుడే బీటలు వచ్చాయి. ఆగస్టులో రివ్యూ. చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కడ తప్పు జరుగుతోందో చెప్పండి.

మిర్యాలగూడ_బాయిలర్ | మే 28

చెల్లె, నేను రైస్ మిల్లులో ఊక బాయిలర్ చూసుకుంటాను. నువ్వు రాసింది సగమే అర్థమైంది. కానీ వేడికి స్టీలు మీద పొర పట్టడం, అది పెచ్చులుగా ఊడటం నాకు రోజూ కనిపించేదే. అందుకే అడుగుతున్నా.

430 ఎందుకు? 304 ఇంకా మంచి స్టీలు కదా. మన ఇళ్లలో మంచి గిన్నెలన్నీ అదే. పోనీ ఫర్నేసుల్లో కాంథాల్ తీగ ఉంటుంది, 1200 డిగ్రీల దగ్గర కూడా ఏళ్ల తరబడి నిలబడుతుంది. ఆ రకం లోహంతోనే పలక చేస్తే పూత గొడవే ఉండదు కదా? లేదంటే మొత్తం సెరామిక్ పలకే పెట్టేయొచ్చు. అసలు ఆ పలక అక్కడ ఏం పని చేస్తుంది?

దేవరకొండ_పూతలు | మే 28

బాయిలర్ తమ్ముడు అడిగిన ప్రశ్నలకి జవాబు చెప్పుకుంటే అమ్మాయి సమస్య సగం తేలుతుంది. నేను ఉపరితల పూతల పనిలోనే ఉద్యోగం మొదలుపెట్టి అందులోనే రిటైరయ్యాను. కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ఒక సెల్లు లోడు మీద సుమారు 0.7 వోల్టులే ఇస్తుంది. పనికొచ్చే వోల్టేజీ కావాలంటే పదుల సెల్లులు ఒకదాని మీద ఒకటి పేర్చాలి. ఆ దొంతరనే స్టాకు అంటారు. ప్రతి రెంటి మధ్యా ఒక పలక. దానికి ఒక పక్క హైడ్రోజన్, రెండో పక్క వేడి గాలి. ఆ రెంటినీ కలవనీయకుండా గోడలా నిలబడాలి. అదే పలక కింది సెల్లు కరెంటుని పై సెల్లుకి మోయాలి కూడా. గోడ పని, తీగ పని రెండూ ఒక్కదానివే.

304 సంగతి. సెల్లులోని జిర్కోనియా (ఎలక్ట్రోలైట్ పొరగా ఉండే సెరామిక్) వేడికి ఎంత సాగుతుందో పలకా అంతే సాగాలి. జిర్కోనియా వ్యాకోచం డిగ్రీకి పది లక్షల్లో 10.5 వంతులు. 430 లాంటి ఫెర్రిటిక్ స్టీళ్లది 11, 12. 304ది 18 దాకా పోతుంది. పది సెంటీమీటర్ల పలకని 800 డిగ్రీలు వేడి చేస్తే 304 జిర్కోనియా కంటే అర మిల్లీమీటరు పైనే ఎక్కువ సాగుతుంది. పింగాణీ లాంటి సెల్లు దాన్ని తట్టుకోదు, పగులుతుంది. ఫెర్రిటిక్ అయితే తేడా అందులో ఐదో వంతు.

కాంథాల్ నిలబడేది దాని మీద అల్యూమినా (అల్యూమినియం ఆక్సైడు) పొర కట్టుకోవడం వల్ల. అల్యూమినా కరెంటుని పోనివ్వదు. ఫర్నేస్ తీగలో కరెంటు లోహం లోపల పొడవునా పారుతుంది కాబట్టి పైపొరతో పని లేదు. ఇక్కడ కరెంటు పొరని అడ్డంగా దాటాలి. అల్యూమినా ఉంటే దారి మూసుకుపోయినట్టే.

సెరామిక్ పలకలు నిజంగానే వాడారు. సెల్లులు 1000 డిగ్రీల దగ్గర నడిచిన రోజుల్లో లాంథనం క్రోమైట్ పలకలే. ఖరీదు ఎక్కువ, గట్టిగా కాల్చడం కష్టం. తర్వాత ఎలక్ట్రోలైట్ పొర పలచన చేయడం నేర్చుకున్నాక వేడి 700, 800కి దిగింది. అప్పుడు స్టీలుకి అవకాశం వచ్చింది.

ఇక స్టీలు మీద పెరిగేది క్రోమియా, అంటే క్రోమియం ఆక్సైడు. అల్యూమినా అంత మొండిది కాదు, కొంత కరెంటుని పోనిస్తుంది. కానీ ఆ కొంత చాలా తక్కువ. అమ్మా, నీ లెక్క చూడు. చదరపు సెంటీమీటరుకి ఒక మిల్లీగ్రాము బరువు పెరిగిందంటే దాదాపు 6 మైక్రాన్ల క్రోమియా పెరిగినట్టు. నీ 0.38కి 2.3 మైక్రాన్లు. ఇది 200 గంటలకి. పొర మందం కాలం వర్గమూలంతో పెరుగుతుంది, మందం రెట్టింపు కావాలంటే నాలుగింతలు సమయం పడుతుంది. ఇలాంటి స్టాకుకి అందరూ పెట్టుకునే లక్ష్యం 40,000 గంటలు, అంటే నీ పరీక్షకి 200 రెట్లు. వర్గమూలం 14. నీ పొర 30 మైక్రాన్లు దాటుతుంది. అంత మందం వచ్చేలోపే చల్లబడినప్పుడల్లా పెచ్చులూడుతుంది. ఊడకపోయినా 800 దగ్గర 10 మైక్రాన్ల క్రోమియా చదరపు సెంటీమీటరుకి 0.1 ఓమ్ అడ్డు పెడుతుంది. అర ఆంపియరు పారితే 50 మిల్లీవోల్టులు అక్కడే పోయాయి. 0.7 వోల్టుల సెల్లుకి అది చిన్న దెబ్బ కాదు.

నీ పసుపు చుక్కల గురించి రేపు రాస్తాను. ఈలోగా రెండు చెప్పు. కాల్చినప్పుడు హైడ్రోజన్ వాతావరణంలో ఏమైనా కాల్చావా, లేక మొత్తం గాలిలోనేనా? షీటుతో టెస్ట్ సర్టిఫికెట్ ఇచ్చారా? అందులో సిలికాన్ ఎంత?

పాలమూరు_ల్యాబ్ | మే 28

సార్, ఇంత వివరంగా రాసినందుకు చాలా థాంక్స్. మొత్తం గాలిలోనే కాల్చాను, మా దగ్గర గ్యాసు కొలిమి లేదు. సర్టిఫికెట్ అడగలేదు. షాపులో మిగిలిన తునకలోంచి కోసి ఇచ్చారు.

నకిరేకల్_కళాయి | మే 29

నేను ఈ రంగం వాణ్ని కాదు. మా తాత నకిరేకల్, కట్టంగూరు, చిట్యాల ఊళ్లు తిరిగి ఇత్తడి గిన్నెలకి కళాయి వేసేవాడు. పూత అన్న మాట చూసి లోపలికొచ్చాను.

ఊరి చావడి పక్కన గుంట తీసి, బొగ్గులు పోసి, తోలుతిత్తి బిగించేవాడు. గిన్నెలో ఇసుక పోసి, గోడ పట్టుకుని, కాళ్లతో అందులో నిలబడి అటూ ఇటూ గిర్రున తిరుగుతూ తోమేవాడు. అర గంట తోమడం, రెండు నిమిషాలు పూయడం. గిన్నె కాలాక నవాసారం చల్లితే తెల్లటి పొగ లేచేది, ముక్కు మండిపోయేది. అప్పుడు తగరం ముక్క ఆనించి దూదితో ఒక్క తిప్పు తిప్పితే లోపలంతా వెండి పరుచుకునేది. ఎక్కడైనా చిలుము మరక మిగిలితే అక్కడ తగరం పట్టేది కాదు, తామరాకు మీద నీళ్లలా ఉండ కట్టి జారిపోయేది. తాత ఆ చోటు మళ్లీ ఇసుకతో తోమేవాడు గానీ ఎక్కువ తగరం పోసేవాడు కాదు.

అందుకే అడుగుతున్నా చెల్లె. ఎమరీ కాగితంతో రుద్దాక ఎంతసేపటికి పూత వేశావు? ముక్కని చేత్తో పట్టుకున్నావా? ఇంకోటి, కళాయి ఎప్పుడూ ముందు అంచు దగ్గరే పోతుంది. నీ ముక్కలకి కోసిన అంచులు ఉన్నాయి కదా, వాటి మీద పూత పడిందా?

దేవరకొండ_పూతలు | మే 29

నకిరేకల్ తమ్ముడూ, మీ తాత పనిని ఎంత బాగా గుర్తుపెట్టుకున్నారు. చిన్నప్పుడు మా ఇంటి ముందూ ఆ తిత్తి చప్పుడు వినపడేది.

మీరు చెప్పిన దాంట్లో ఒక్క తేడా ఉంది. నవాసారం ఇత్తడి మీది ఆక్సైడుని తినేస్తుంది, తగరం నేరుగా లోహాన్ని పట్టుకుంటుంది. ఇక్కడ అలా కుదరదు. 800 డిగ్రీల గాలిలో స్టీలు మీద క్రోమియా పుట్టక తప్పదు, పుట్టాలి కూడా. మన పూత ఆ క్రోమియా మీద కూర్చుంటుంది. కాబట్టి మూడు అంతస్తులు: స్టీలు, దాని మీద పలచటి క్రోమియా, దాని మీద స్పైనెల్. ఊడేది ఏ అంతస్తు దగ్గర ఊడుతోందో చూడాలి. అమ్మాయి చెప్పిన ప్రకారం వేలికి నల్ల పొడి అంటింది, కింద బూడిద-ఆకుపచ్చ పొర మిగిలింది. అంటే క్రోమియా స్టీలుని పట్టుకునే ఉంది. స్పైనెల్ రేణువులే ఒకదాన్నొకటి పట్టుకోలేదు. ఇది అంటుకోకపోవడం కాదు, గట్టిపడకపోవడం. మందం పెంచితే ఊడే పొడి పెరుగుతుంది, అంతే.

అంచుల ప్రశ్న మాత్రం నూటికి నూరు పాళ్లు సరైనది. అది నాకు ముందే తట్టాల్సింది.

పసుపు చుక్కలు. క్రోమియా ఊరికే కూర్చోదు. గాలిలో ఆక్సిజన్, నీటి ఆవిరి రెండూ ఉంటే వాటితో కలిసి వాయువుగా మారి లేచిపోతుంది. ఆ వాయువు కాథోడ్‌ని చేరాక ఎల్‌ఎస్‌సీఎఫ్‌లోని స్ట్రాన్షియంతో కలిసి స్ట్రాన్షియం క్రోమేట్ అవుతుంది. దాని రంగు పసుపు. స్ట్రాన్షియం పోయిన చోట కాథోడ్ పని తగ్గుతుంది. వేరే రకం కాథోడ్ ఎల్‌ఎస్‌ఎం అయితే క్రోమియం సరిగ్గా ఆక్సిజన్ స్పందించే అంచుల దగ్గరే పేరుకుని ఆ చోట్లు మూసేస్తుంది. దీన్నే క్రోమియం పాయిజనింగ్ అంటారు. కాబట్టి నీ పూత కరెంటుని పోనివ్వాలి, క్రోమియంని పోనివ్వకూడదు.

కోదాడ_స్వీడన్ | మే 30

నమస్తే సార్, నమస్తే అందరికీ. మాది కోదాడ దగ్గర పల్లె, ఇప్పుడు స్వీడన్‌లో ఈ స్టీళ్ల మీదే పని చేస్తున్నాను. చెల్లె పోస్టు చదువుతుంటే నా మొదటి సంవత్సరం గుర్తొచ్చింది.

సార్ చెప్పిన గట్టిపడకపోవడం అసలు సమస్య. మాంగనీస్ కోబాల్ట్ స్పైనెల్‌ని గాలిలో 800 దగ్గర ఎంతసేపు కాల్చినా రేణువులు సరిగ్గా అతుక్కోవు. 1100 పైకి తీసుకెళ్తే అతుక్కుంటాయి గానీ అప్పటికి స్టీలు పాడైపోతుంది. అందుకే రెండు దశల్లో కాలుస్తారు. ముందు హైడ్రోజన్ ఉన్న వాతావరణంలో 800 నుంచి 900 మధ్య. అక్కడ స్పైనెల్ విడిపోయి కోబాల్ట్ లోహం, మాంగనీస్ ఆక్సైడు అవుతుంది. తర్వాత గాలిలో 800 దగ్గర. కోబాల్ట్ మళ్లీ ఆక్సిజన్ పీల్చుకుని, మాంగనీస్ ఆక్సైడుతో కలిసి స్పైనెల్ అవుతూ ఉబ్బుతుంది. ఆ ఉబ్బు రేణువుల మధ్య ఖాళీలని నింపేస్తుంది. కొలిమి వేడి చేయలేని పనిని ఈ రసాయన చర్య చేస్తుంది.

ఈ స్పైనెల్‌నే ఎందుకు ఎంచుకున్నారంటే, 800 దగ్గర దాని వాహకత సెంటీమీటరుకి దాదాపు 60 సీమెన్స్. క్రోమియాది 0.01. వేల రెట్ల తేడా. వ్యాకోచం కూడా పది లక్షల్లో 11.5 దరిదాపు, స్టీలుతో చక్కగా కుదురుతుంది. పూత 10, 15 మైక్రాన్లు ఉంటే చాలు, దాని అడ్డు లెక్కలోకే రాదు. మందం గురించి మీ గైడ్ సార్‌తో గొడవ పడకండి, రెండు దశల ముక్క పక్కన పెట్టి చూపించండి.

ఇంకో దారీ ఉంది. శాండ్విక్ (ఆ విభాగమే ఇప్పుడు అల్లీమా) స్టీలు రోల్ మీద ముందే 10, 20 నానోమీటర్ల సీరియం, దాని మీద 600 నానోమీటర్ల పైచిలుకు కోబాల్ట్ వాక్యూమ్‌లో పూసే పద్ధతి తెచ్చింది. లోహంగానే పూస్తారు. స్టాకులో వేడెక్కాక కోబాల్ట్ ఆక్సైడు అయి, స్టీలు లోంచి పైకొచ్చే మాంగనీస్‌ని కలుపుకుని తానే స్పైనెల్ అవుతుంది. సీరియం క్రోమియా పెరగడాన్ని నెమ్మదింపజేస్తుంది. పూసిన తర్వాత పలకని ప్రెస్సులో వంచితే బీటలు వస్తాయి, కానీ వేడిలో అవి మళ్లీ పూడుకుంటాయి. మొదటిసారి మైక్రోస్కోపులో పూడిన బీట చూసినప్పుడు చాలాసేపు కళ్లు తిప్పుకోలేదు నేను.

430 గురించి: అందులో సిలికాన్ ఒక శాతం దాకా ఉండొచ్చు. ఆ సిలికాన్ క్రోమియా కింద సిలికా పొర కడితే కరెంటు ఆగిపోతుంది, పైన ఎంత మంచి పూత ఉన్నా లాభం లేదు. క్రోఫర్ 22 ఏపీయూ లాంటి స్టీలు ఇందుకే పుట్టింది: 20 నుంచి 24 శాతం క్రోమియం, బాగా తగ్గించిన సిలికాన్, చిటికెడు లాంథనం. జర్మనీలో యూలిష్ పరిశోధన కేంద్రం, థిస్సెన్‌క్రుప్ వీడీఎం కలిసి చేశారు. అది మీకు దొరక్కపోతే కనీసం 441 ప్రయత్నించండి, అందులోని నియోబియం కొంత సిలికాన్‌ని పట్టి ఉంచుతుంది.

పాలమూరు_ల్యాబ్ | మే 30

అన్నా, ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పేపర్లలో "రెడాక్స్ సింటరింగ్" అని చదివాను గానీ అది ఐచ్ఛికం అనుకుని వదిలేశాను. హైదరాబాదులో మా సీనియర్ దగ్గర ట్యూబ్ ఫర్నేస్ ఉంది, అడుగుతాను.

నకిరేకల్ అన్నా, ముక్కలు రుద్ది ఐదు రోజులు డబ్బాలో పెట్టాను, తర్వాతే పూత. చేత్తోనే పట్టుకున్నాను. అంచుల మీద అసలు కొట్టలేదు, పలకని బల్ల మీద పరిచి పైనుంచి కొట్టాను, తర్వాత తిప్పేశాను.

సూర్యాపేట_కెమిస్ట్రీ | జూన్ 1

డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. అందరూ పూత గురించి మాట్లాడుతున్నారు, నాకు ఈ అమ్మాయి ఊపిరితిత్తుల బెంగ పట్టుకుంది.

లేచిపోయే ఆ క్రోమియం వాయువు, నీ బిళ్ళ మీది పసుపు, రెండూ ఆరో వేలెన్సీ క్రోమియమే. క్యాన్సర్ కారకం. పసుపు చుక్కల్ని గోటితో గీకి చూడొద్దు తల్లీ. చేతికి గ్లవ్స్ వేసుకో, ఫర్నేసు నోరు వెంటిలేషన్ ఉన్న చోట పెట్టు. కోబాల్ట్ పొడి కూడా పీల్చకూడనిదే. ఎయిర్‌బ్రష్‌తో కొట్టేటప్పుడు గుడ్డ మాస్కు సరిపోదు, రేణువుల్ని ఆపే మంచి మాస్కు, ఫ్యూమ్ హుడ్ రెండూ కావాలి. హైడ్రోజన్ విడి సిలిండరు వద్దు. ఆర్గాన్‌లో 2, 3 శాతం లోపు హైడ్రోజన్ కలిపి ఇచ్చే సిలిండరే అడుగు, అంత తక్కువ పాళ్లలో అది గాలిలో అంటుకోదు. బయటికొచ్చే గ్యాసుని గొట్టంతో కిటికీ బయటికి పంపు.

వనపర్తి_సోలార్ | జూన్ 2

చిన్న ప్రశ్న. కోబాల్ట్ ఖరీదు కదా, ప్రపంచంలో ఎక్కువ భాగం కాంగోలోనే తవ్వుతారు. మనలాంటి చోట ఇది నిలబడుతుందా?

కోదాడ_స్వీడన్ | జూన్ 2

నిలబడాలంటే పూత పలచన కావాలి. ఒక చదరపు మీటరుకి 600 నానోమీటర్ల కోబాల్ట్ అంటే దాదాపు 5 గ్రాములే. చెల్లె వేసే స్లర్రీ (పొడి కలిపిన ద్రవం) పూతలో దానికి చాలా రెట్లు పడుతుంది. కోబాల్ట్ లేని రాగి-మాంగనీస్, రాగి-ఇనుము స్పైనెళ్ల మీద కూడా పని బాగా జరుగుతోంది. మాంగనీస్ ఖనిజం మన ఆదిలాబాద్‌లోనే ఉంది. మన దేశంలో ఈ సెల్లుల మీద కోల్‌కతాలోని గాజు, సెరామిక్ పరిశోధన సంస్థ సీజీసీఆర్‌ఐ చాలా ఏళ్లుగా పని చేస్తోంది. పూతల నైపుణ్యం కావాలంటే హైదరాబాద్ బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ అనే పరిశోధన కేంద్రం ఉంది, మనకి గంట రెండు గంటల ప్రయాణం. 2023 జనవరిలో కేంద్రం 19,744 కోట్లతో గ్రీన్ హైడ్రోజన్ మిషన్ ఆమోదించింది. ఇదే సెల్లుని తిరగేసి నడిపితే ఆవిరి నుంచి హైడ్రోజన్ తీస్తుంది, అందులోనూ ఇవే పలకలు, ఇదే క్రోమియం బాధ. కాబట్టి చెల్లె నేర్చుకుంటున్నది వృథా పోదు.

మిర్యాలగూడ_బాయిలర్ | జూన్ 2

మా ఊక గ్యాసుతో ఈ సెల్లు నడుస్తుందా అన్నా?

కోదాడ_స్వీడన్ | జూన్ 2

కార్బన్ మోనాక్సైడ్‌ని కూడా వాడుకోగలదు కాబట్టి సూత్రప్రకారం నడుస్తుంది. కానీ ఆ గ్యాసులో తారు, గంధకం ఉంటాయి. గంధకం కొద్దిగా ఉన్నా ఇంధనం వైపున్న నికెల్‌ని చెడగొడుతుంది. ముందు గ్యాసుని శుభ్రం చేయడమే పెద్ద పని.

పాలమూరు_ల్యాబ్ | జులై 19

ఇన్ని రోజులు రాయనందుకు ఏమీ అనుకోకండి, ట్యూబ్ ఫర్నేస్ కోసం మూడు సార్లు హైదరాబాద్ తిరిగాను.

441 షీటు సర్టిఫికెట్‌తో సహా దొరికింది. ఈసారి ఫైలుతో అంచులు గుండ్రంగా చేశాను. రుద్దిన రోజే పూత వేశాను, పట్టకారుతోనే పట్టుకున్నాను. ముక్క మూలన సన్న రంధ్రం చేసి తీగతో వేలాడదీసి అన్ని వైపుల నుంచీ కొట్టాను. ఆర్గాన్-హైడ్రోజన్‌లో 900 దగ్గర 2 గంటలు. బయటికి తీస్తే నల్లగా లేదు! బూడిద-ఆకుపచ్చగా, మసకగా ఉంది. పాడు చేశాననుకున్నాను. తర్వాత మాంగనీస్ ఆక్సైడు రంగే ఆకుపచ్చ అని గుర్తొచ్చింది. గాలిలో 800 దగ్గర మళ్లీ కాల్చితే నల్లగా వచ్చింది, ఈసారి మెరుపుతో. గోటితో గీస్తే గోరే అరిగింది. సెల్లోటేప్ లాగితే టేపు శుభ్రంగా వచ్చింది. ఆ టేపు ముక్కని నోటుబుక్కులో అంటించుకున్నాను.

300 గంటల తర్వాత బరువు పెరుగుదల 0.12. చదరపు సెంటీమీటరుకి అడ్డు 60 మిల్లీ ఓమ్‌ల నుంచి 18కి దిగింది.

కానీ కాథోడ్ బిళ్ళ మీద పసుపు తగ్గలేదు. నిజానికి మే నెల కంటే ఎక్కువైంది. పూత ఇంత బాగున్నాక క్రోమియం ఎక్కణ్నుంచి వస్తోంది? రెండు రోజులుగా నిద్ర పట్టడం లేదు.

సూర్యాపేట_కెమిస్ట్రీ | జులై 19

ఎక్కువ ఎందుకైందో నేను చెప్పగలను. మే నెలలో పాలమూరు గాలి ఎండుగా ఉంటుంది. ఇప్పుడు వానలు, గాలిలో నీటి ఆవిరి 3 శాతం దాకా ఉంటుంది. క్రోమియం వాయువు పీడనం నీటి ఆవిరికి సరిగ్గా అనుపాతంలో పెరుగుతుంది. తేమ రెట్టింపైతే అదీ రెట్టింపు. అందుకే పరీక్షకి పంపే గాలిని ఎప్పుడూ ఒకే తేమతో పంపాలి. గాలిని నీళ్ల సీసాలో బుడగలుగా పంపితే చాలు, సీసాని 25 డిగ్రీల దగ్గర ఉంచితే దాదాపు 3 శాతం వస్తుంది. రెండు నెలల ఫలితాలూ పక్కపక్కన పెట్టాలంటే ఇది లేకుండా కుదరదు.

కానీ ఎక్కువ అవడానికి కారణం దొరికింది గానీ, ఎక్కణ్నుంచి వస్తోందో దొరకలేదు.

మిర్యాలగూడ_బాయిలర్ | జులై 20

చెల్లె, కొలిమి లోపలికి గాలి ఏ పైపులోంచి పంపుతున్నావు?

పాలమూరు_ల్యాబ్ | జులై 20

304 స్టీలు పైపు అన్నా. కొలిమి లోపల ముప్పై సెంటీమీటర్లు ఉంటుంది, గాలి ముందే వేడెక్కాలని చుట్టగా వంచి పెట్టాం.

అయ్యో.

మిర్యాలగూడ_బాయిలర్ | జులై 20

అదే. మాకు బాయిలర్‌లో ఎక్కడ మడ్డి కనిపించినా ముందు అది వచ్చే దారి చూస్తాం. పలకకి పూత వేశావు, పైపుకి వేయలేదు. 304లో క్రోమియం 18 శాతం అని గిన్నెల మీదే రాసి ఉంటుంది.

దేవరకొండ_పూతలు | జులై 20

తమ్ముడూ, మెచ్చుకోకుండా ఉండలేను. పెద్ద స్టాకుల్లో కూడా ఇదే జరుగుతుంది. పలకలకి జాగ్రత్తగా పూత వేసి, గాలిని వేడి చేసే హీట్ ఎక్స్‌ఛేంజరునీ, పైపులనీ మర్చిపోతారు. వాటి వైశాల్యం తక్కువేమీ కాదు. అక్కడ కరెంటు పోవాల్సిన పని లేదు కాబట్టి మొదట్లో వద్దన్న అల్యూమినానే అక్కడ మంచి మందు. అల్యూమినియం పొడి ప్యాకులో పెట్టి వేడి చేస్తే పైపు లోపల అల్యూమినియం ఇంకి, తర్వాత అల్యూమినా పొర కడుతుంది. పలక అంచుల మీద గాజు సీలు కూర్చునే చోట కూడా ఇదే చేస్తారు, లేకపోతే గాజులోని బేరియం, స్ట్రాన్షియం క్రోమియంతో కలిసి సీలుని విడదీస్తాయి.

అమ్మా, నీకిప్పుడు అంత పని అక్కర్లేదు. ఆ పైపు తీసేసి అల్యూమినా గొట్టం పెట్టు. కొలిమిలో స్టీలుతో చేసినది ఇంకేముందో చూడు: స్టాండు, తీగ, క్లిప్పు, థర్మోకపుల్ తొడుగు. పాత గొట్టాల్లో పేరుకున్న క్రోమియం కూడా కొన్నాళ్లు వస్తూనే ఉంటుంది, కొత్త ట్యూబుతో మొదలుపెట్టు. పూత లేని ముక్క ఒకటి, పూత ఉన్నది ఒకటి, ముక్క లేకుండా ఉత్త బిళ్ళ ఒకటి, మూడూ విడివిడిగా నడుపు. ఉత్త బిళ్ళ మీద పసుపు వస్తే నీ పూతది తప్పు కాదని గట్టిగా చెప్పొచ్చు.

నకిరేకల్_కళాయి | జులై 21

వేలాడదీసిన తీగ ఆనిన చోట, ఆ రంధ్రం లోపల పూత పడిందా చెల్లె? తాత గిన్నె చెవుల కింద ఎప్పుడూ వేలు పెట్టి చూసేవాడు.

పాలమూరు_ల్యాబ్ | జులై 21

రంధ్రం లోపల పడలేదు అన్నా, ఇప్పుడే లెన్సులో చూశాను. సన్న కుంచెతో స్లర్రీ ముంచి పెట్టి మళ్లీ కాలుస్తాను.

పాలమూరు_ల్యాబ్ | ఆగస్టు 8

పైపు, స్టాండు, తీగ అన్నీ తీసేశాను. అల్యూమినా గొట్టం, ముక్క పెట్టడానికి అల్యూమినా పడవ (పడవ ఆకారపు గిన్నె), నీళ్ల సీసాలోంచి గాలి.

ముందు ఉత్త బిళ్ళ 100 గంటలు: పసుపు లేదు. అదే బిళ్ళ పక్కన పాత 304 పైపు ముక్క వేలెడంత పెట్టి ఇంకో 100 గంటలు: పైపు వైపున్న అంచంతా పసుపు, రెండో వైపు నలుపు. ఈ ఫొటో చూసి గైడ్ సార్ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రివ్యూలో మొదటి స్లైడు ఇదే పెట్టమన్నారు. అది ఎవరు అడిగిన ప్రశ్న అని కూడా అడిగారు. మిర్యాలగూడలో బాయిలర్ చూసుకునే అన్న అని చెప్పాను.

ఇప్పుడు రంధ్రం లోపల కూడా పూత పడిన తొమ్మిదో నంబరు ముక్క కొలిమిలో ఉంది. ఈ రాత్రికి 112 గంటలు. రేపో ఎల్లుండో కరెంటు పోకపోతే వచ్చే ఆదివారం సాయంత్రం 300 దాటుతుంది. తీసి, బరువు తూచి, బిళ్ళ అంచులు ఫొటో తీసి ఇక్కడే పెడతాను.